నలభై ఒక్క పొయ్యిలు

పోయినవారం మనం తెనాలిలో, ప్రకాశరావు కంప్యూటర్ సెంటర్ గుమ్మం దగ్గర ఆగాం. గుమ్మం బయట చెప్పుల వరసలో పున్నమ్మ నిలబడి ఉంది, భుజాన గోనెసంచితో. లోపల చల్లటి గదిలో శేషారత్నం మిషన్ ముందు కూర్చుని ఉంది. ప్రింటరు కీచుకీచుమంటూ ఇళ్ల లిస్టు అచ్చు వేస్తోంది.

తొంభైలో మే నెల తుఫానుకి గూడు పోయిన కుటుంబాలకి పక్కా ఇళ్లు కట్టిస్తామని ఆర్తసేవా సమితి మాట ఇచ్చింది. ఎవరెవరికి ఇవ్వాలో తేల్చే పని ప్రకాశరావు చేతికొచ్చింది. ఆయన దాన్ని శేషారత్నం నెత్తిన పెట్టాడు. రేపల్లె, నగరం వైపు పల్లెల నుంచి పందొమ్మిది వందల ఫారాలు కట్టలుగా వచ్చి పడ్డాయి. "కుటుంబమంటే ఏమిటో ముందు తేల్చండి, తేలకుండా మిషన్‌కి ఏం చెప్పను?" అని శేషారత్నం అడిగింది. ఆమెకు చిన్నప్పుడు తర్కం చెప్పిన బాపట్ల దక్షిణామూర్తి మాస్టారు దానికి లక్షణం, అంటే నిర్వచనం, ఒక్క వాక్యంలో చెప్పారు: ఒక పొయ్యి మీద వండుకు తినేవారు ఒక కుటుంబం. అందరూ ఆహా అన్నారు. ఆ వాక్యం మీదే ప్రోగ్రాం నిలబడింది. ఇవాళ, శనివారం సాయంత్రం నాలుగున్నరకి సమితి కారు వచ్చి లిస్టు తీసుకుపోతుంది. అందులో పేరున్నవాడికి ఇల్లు. లేనివాడికి తాటాకు.

ఇప్పుడు మూడు దాటింది. పున్నమ్మ వేసిన ప్రశ్న ఇంకా గుమ్మంలోనే ఉంది.

"మా గట్టుపాలెంలో పొయ్యిలు ఎన్నని రాశారమ్మా?"

ప్రింటరు తన దారిన తను అచ్చు వేస్తుండగానే శేషారత్నం పక్కనున్న కాగితాల దొంతర తిరగేసింది. నగరం మండలం. గట్టుపాలెం. పైకి చదివింది.

"పొయ్యిలు ఒకటి. కుటుంబాలు ఒకటి. కుటుంబ పెద్ద దేవదానం. మనుషులు నూట అరవై మూడు."

చదివాక తనే ఆగిపోయింది. నూట అరవై మూడు మంది ఒక కుటుంబమా! మూడు నెలలుగా ఆ అంకె అక్కడే ఉంది. మిషన్‌కి ఆశ్చర్యపోవడం రాదు, సరే. తనకేమైంది?

"ఒకటా?" అంది పున్నమ్మ. "నలభై ఒకటండి."

కిటికీ పక్క పేము కుర్చీలో కూర్చున్న దక్షిణామూర్తి మాస్టారు తల తిప్పలేదు. లిస్టు అప్పగించేటప్పుడు తనకు శాలువా కప్పుతారని పొద్దున పాసింజరుకే బాపట్ల నుంచి వచ్చారాయన. ఇస్త్రీ పంచె నలగకుండా కూర్చున్నారు. ప్రకాశరావు మాత్రం తన టేబిల్ దగ్గర్నుంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"దేవదానం నీకేమవుతాడే?"

"మా అయ్యండి."

"మరింకేం? ఇల్లు మీ అయ్య పేరునే వచ్చింది. నోరు మూసుకుని రైలెక్కక ఊరందరి తరఫునా వకాల్తా ఎందుకే నీకు?"

"అదేనండి చిక్కు." పున్నమ్మ సంచి దింపి గోడకి ఆనించింది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఎండకి నల్లబడ్డ మొహం, గట్టి గొంతు. "లిస్టులో మా అయ్య పేరొకటే ఉందని మొన్న ఎవురో చెప్పారండి. ఆ రోజు నించి పాలెం మాతో మాట మానేసింది. కాయితం రాయించింది దేవదానమేగా, తన పేరొక్కటే రాయించుకుని మా నోట్లో మట్టి కొట్టాడు అంటన్నారు. ఆదివారం ప్రార్థనకి గుళ్లో మా అయ్య కూకున్న చాప మీద ఇంకెవురూ కూకోలా. ముప్పై ఏళ్లుగా పాట ఎత్తేది ఆయనేనండి. ఎత్తాడు. ఎవురూ అందుకోలా."

"గొంతు బాలేదేమో, డాక్టరుకి చూపించండి" అని ప్రకాశరావు నవ్వాడు. తన హాస్యానికి మాస్టారు కూడా నవ్వుతారేమోనని అటు చూశాడు. మాస్టారి పెదవి చివర కొంచెం కదిలింది. అది నవ్వు కాదని చెప్పడం కష్టం.

శేషారత్నానికి నవ్వు రాలేదు. "ఫారం రాసుకోవడానికి మీ ఊరికి మనిషి వచ్చినప్పుడు ఏం జరిగింది?" అని అడిగింది.

"ఉప్పెన తీశాక నెల్రోజులు మేమందరం గుళ్లోనే ఉన్నామండి. గుడి ముందు గాడిపొయ్యి తవ్వుకుని అందరికీ ఒకటే గంజి కాచుకున్నాం. అప్పుడొచ్చాడండి ఆ బాబు. ఎన్ని పొయ్యిలు అన్నాడు. నలభై ఒకటి బాబూ, ఉప్పెన తీసకపోయింది, ఇప్పుడు ఒకటి అని చెప్పాడు మా అయ్య. రాసుకున్నాడండి. నాకు చదువు రాదు గానీ కళ్లున్నాయిగా. రెండు వరసలు రాశాడు."

పెళ్లిలో, చావులో, తుఫానులో గాడిపొయ్యి తవ్వడం ఆ డెల్టాలో ఎవరికి తెలియదు? బారెడు కందకం తవ్వి, వరసగా గిన్నెలు పెట్టి ఊరంతా వండుకుంటుంది. అది ఒక పొయ్యి అని ఎవరైనా లెక్కపెడతారా? లెక్కపెట్టారు. చదువుకున్నవాళ్లు.

శేషారత్నం లేచి బీరువాలోంచి నగరం మండలం కట్ట తీసింది. గట్టుపాలెం ఫారం దొరికింది. 'పొయ్యిల సంఖ్య' అన్నచోట మొదట నలభై ఒకటి రాసి ఉంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో రెండు వరసలు: 'తుఫానుకు పోయినవి. ప్రస్తుతం చర్చి ముందు అందరికీ కలిపి ఒకటి.' ఆ అంకె మీదా, ఆ రెండు వరసల మీదా ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టి ఉంది. పైన అదే ఎరుపులో పెద్దగా '1'.

ఎర్ర పెన్సిల్!

పందొమ్మిదేళ్ల కిందట, ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ ఎరుపు ఆమెకు తెలుసు. వాళ్లమ్మ సీతారావమ్మ బాపట్లలో దక్షిణామూర్తి మాస్టారింట వంట చేసేది. శిష్యులు చావట్లో కూర్చుని పాఠం వల్లిస్తుంటే, వంటింటి తలుపు వెనక కూర్చుని ఈ పిల్ల నోటికి పట్టేసింది. ఆయన గమనించి లోపలికి పిలిచారు. అందుకు ఆమె ఆయనకు బతుకంతా రుణపడి ఉంది. కానీ తప్పు చెప్పినప్పుడల్లా ఆయన ఎర్ర పెన్సిల్‌తో నోటుపుస్తకంలో కొట్టిన గీత కూడా ఆమెకు బతుకంతా గుర్తుంది. ఈ ఫారాల్లో సందేహం కలిగినవన్నీ ఒక కట్ట కట్టి ఆయనకే పంపింది. ఆయన పదిహేను రోజులు చూసి తిప్పి పంపారు.

"మాస్టారూ," అంది, ఫారం పట్టుకుని ఆయన ముందు నిలబడి. "మీరెందుకండీ దీన్ని కొట్టేశారు? నలభై ఒక్క కుటుంబాలండి. ఆ రాసినాయన అంత స్పష్టంగా రాశాడు. లక్షణం చెడుతుందని మనుషుల్ని కొట్టేస్తారా?"

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి, పైపంచెతో తుడిచి, పెట్టుకున్నారు. ఫారం అందుకోలేదు. దూరం నుంచే చూశారు.

"నువ్వు తొందరపడుతున్నావు, శేషా. నీకు మొదటి నుంచీ అదే దోషం. కింద పొడి అక్షరాలున్నాయి చూడు. చదువు. పైకి చదువు, ఆవిడ కూడా వింటుంది."

శేషారత్నం చూసింది.

గీత చివర, చిన్నగా, ఎర్రగా: శే.ర.

"చదవవేం?"

"నావేనండి" అంది.

"సందేహాల కట్టలో ఇది నా దగ్గరికి రాలేదు. వస్తే ఏం చేసేవాణ్ణో అది వేరే మాట. ఎందుకు రాలేదు? నీకు సందేహమే కలగలేదు కనక. సందేహం కలగడానికి కూడా కొంచెం తెలివి ఉండాలమ్మాయ్. వంటమనిషి కూతురివి, పొయ్యి పక్కన పుట్టి పెరిగావు. పొయ్యి సంగతి నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది?"

ప్రకాశరావు వెళ్లి తన కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు.

గుర్తొచ్చింది ఆమెకు. ఆగస్టు నెల. రోజుకి వంద ఫారాలు ఎక్కించాలని ప్రకాశరావు ఆజ్ఞ. ప్రోగ్రాంలో పొయ్యిలకి ఒక అర, అందులో ఒక అంకె. మాటలకి చోటు లేదు. ఫారాల మీద ఎవరెవరో రాసిన మాటలు కనిపిస్తే ఆమెకు విసుగు పుట్టేది. అడిగిందానికి జవాబు రాయక ఈ కథలెందుకు వీళ్లకి అనుకునేది. ఎర్ర పెన్సిల్ తనే కొనుక్కుంది, బోసురోడ్డులో. మాస్టారిలా గీత కొట్టడం ఎంత బాగుండేదో! ఆ రోజు అలా ఎన్ని గీతలు కొట్టిందో. ఈ ఒక్కటీ గుర్తు కూడా లేదు.

తెలివి, దయ ఒకింట పుట్టిన అక్కచెల్లెళ్లని పెద్దలంటారు. మరి పెళ్లిళ్లయి ఎవరిళ్లకు వాళ్లు పోయాక రాకపోకలు ఎందుకు మానేస్తారో ఆ పుట్టించినవాడే చెప్పాలి.

శేషారత్నం గుమ్మం వైపు తిరిగింది. "పున్నమ్మా, మీ నాయన సరిగ్గానే చెప్పాడు. రాసినాయన సరిగ్గానే రాశాడు. కొట్టేసింది నేను."

పున్నమ్మ తిట్టలేదు. "ఆ మాట ఆదివారం మా గుళ్లోకొచ్చి చెప్తారా అమ్మాయిగారూ?" అంది.

దానికి జవాబు చెప్పే లోపల ప్రకాశరావు లేచాడు. "ఆదివారం సంగతి ఆదివారం చూసుకోండి. ఇది శనివారం. లిస్టు పూర్తవనీ."

"సార్, రెండు గంటలు ఇవ్వండి. పొయ్యి అరని రెండు చేస్తాను. ఇప్పుడున్నవి వేరే, తుఫానుకి పోయినవి వేరే. నేను కొట్టేసిన ఫారాలన్నీ బీరువాలోనే ఉన్నాయి. మళ్లీ ఎక్కిస్తే—"

"నాలుగున్నరకి కారు. ఎవరికోసం ఆపను? ఒక్క పాలెం కోసం తలుపు తీస్తే రేపు ప్రతి ఊరువాడూ మా పొయ్యిలు పోయాయంటూ వస్తాడు. అన్నదమ్ములు నలుగురు నాలుగు పొయ్యిలంటారు. అత్తాకోడళ్లు రెండంటారు. ఏమంటారు మాస్టారూ?"

మాస్టారు కళ్లు మూసుకుని చెప్పారు. "లక్షణం నాది. దానికి దోషం లేదు. ఒక పొయ్యి, ఒక కుటుంబం. కొలిచిననాటికి ఎన్ని పొయ్యిలున్నాయి?"

"ఒకటండి" అంది శేషారత్నం.

"అయితే మిషన్ అబద్ధం చెప్పలేదు."

"అబద్ధం చెప్పలేదండి. నిజం తెలుసుకోలేదు." ఆమెకు తెలియకుండానే గొంతు లేచింది. "మాస్టారూ, మీ మంచినీళ్ల కూజా పగలగొట్టిన రోజు నన్ను ఏం చేశారో మీకు గుర్తుందా? ఆ పెంకులు నా దోసిట్లో పోసి ఎండలో నిలబెట్టారు. లేకపోవడం నాలుగు రకాలు, అప్పజెప్పేదాకా నీడకి రావద్దన్నారు. ఇంకా పుట్టకపోవడం ఒకటి. పుట్టి నాశనం కావడం ఒకటి. ఎన్నడూ లేకపోవడం ఒకటి. ఇది అది కాకపోవడం ఒకటి. మధ్యాహ్నం దాకా అప్పజెప్పాను. అంత నేర్చుకుని, ఇక్కడ కూర్చుని, ఇన్ని రకాల లేకపోవడానికీ కలిపి ఒకే గుర్తు పెట్టాను. సున్నా. ఎన్నడూ పొయ్యి వెలిగించనివాడికీ సున్నాయే, ఉప్పెనలో పొయ్యి పోయినవాడికీ సున్నాయే. ఆ సున్నా పక్కన గాడిపొయ్యి ఒకటి కనిపిస్తే ఒకటి వేసి ఊరుకున్నాను. లక్షణం చెప్పినవారు మీరు, అది ఎప్పటి పొయ్యో చెప్పలేదు. నేను అడగలేదు. ఒక సంగతి చెప్పనా? మా అమ్మా నేనూ పదకొండేళ్లు మీ పొయ్యి మీద వండిందే తిన్నాం. ఈ లక్షణం ప్రకారం మేం మీ కుటుంబం. అవునా మాస్టారూ?"

మాస్టారు కళ్లు తెరిచారు. మొహం ఎర్రబడింది.

"పాఠం వచ్చు. ప్రయోగం రాదు" అన్నారు మెల్లగా. "కూజా పగిలింది. పగిలిందని ఎలా తెలిసింది? పెంకులున్నాయి కనక. నాశనం ఎక్కడుంటుంది అంటే పెంకుల్లో ఉంటుంది. మట్టి పొయ్యి నీళ్లలో పోతే ఏం మిగులుతుంది? మట్టి మట్టిలో కలిసింది. ఋజువు లేదు. ఋజువు లేని పొయ్యీ, ఎన్నడూ లేని పొయ్యీ నా దగ్గర ఒకటే. అది నిర్దయ కాదు, శాస్త్రం. వెళ్లమ్మా, వెళ్లు. మీ దేవుణ్ణి అడుగు."

పున్నమ్మ వెళ్లలేదు.

"పెంకులు ఉండాలా అండీ?" అంది. "అంతేనా?"

గోనెసంచి రెండు చేతులా ఎత్తి గుమ్మం లోపలికి వచ్చింది. ప్రకాశరావు "ఏయ్, ఏయ్, కాళ్లు! దుమ్ము!" అని అరుస్తూనే ఉన్నాడు. గది మధ్య, పచ్చ తివాచీ మీద సంచి మూతి విప్పి బోర్లించింది.

నల్లటి మట్టి పెంకులు. అరచేతి పాటివి కొన్ని, కొబ్బరిచిప్పంతవి కొన్ని. ఒక పక్క మసి, ఒక పక్క ఎర్రగా కాలిన మన్ను. ఎండిన ఉప్పుమట్టి వాసన గదంతా నిండింది.

"పొయ్యి మొత్తం కరగదు బాబుగారూ. లోపలి అంచు ఏళ్ల తరబడి కాలి కాలి ఇటికైపోద్ది. నిప్పు తిన్న మట్టి నీళ్లకి లొంగదు. ఊరంతా తిరిగి గుడిసెల దిబ్బల్లోంచి నేనే తవ్వి ఏరా. ఎవురూ నాకు చెయ్యెయ్యలా. కొండమ్మ దిబ్బ దగ్గర తవ్వుతుంటే కొండమ్మొచ్చి నా మీద ఊసింది. తుడుచుకుని తవ్వా. లెక్కెట్టుకోండి. నలభై ఒకటి."

మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. చాలాకాలం తర్వాత ఆయన కళ్లలో ఒక వెలుగు కనిపించింది. శేషారత్నానికి ఆశ పుట్టింది. ఆ వెలుగు తనకు తెలుసు. కష్టమైన పూర్వపక్షం దొరికినప్పుడు వచ్చే వెలుగది. అది దయ కాదని ఆమెకు మరుక్షణం గుర్తొచ్చింది.

"బాగుంది" అన్నారాయన. "పెంకులు నలభై ఒకటి. ఒప్పుకున్నాను. కానీ ఒక్క పొయ్యే పగిలి నలభై ఒక్క ముక్కలైందని ఎందుకనుకోకూడదు?"

ప్రకాశరావు చప్పట్లు కొట్టాడు. "శాలువా మీకు రెండు కప్పాలి మాస్టారూ!"

పున్నమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కొక్క పెంకూ తీసి విడిగా పెట్టడం మొదలుపెట్టింది.

"ఇది కొండమ్మదండి. ఊక పోసి వండుద్ది, అందుకే ఈ తెల్లదనం. ఇది లూకాగారింటిది, రెండు కళ్ల పొయ్యి, మధ్య గోడ ముక్కిది, రెండు పక్కలా మసి ఉంది చూడండి. ఇది ప్రభుదాసుది. పెళ్లాం పోయాక ఆడే వండుకుంటాడు. అలకడం చేతకాక చేతేళ్ల గుర్తులు అట్టా ఉండిపోయినయి. ఇది మాదండి. మా అమ్మ చిట్టుతవుడు కలిపి మెత్తింది." కొంచెం ఆగి, చిన్న ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుంది. అంచులన్నీ కరిగి, సబ్బుబిళ్లలా అయింది అది. "ఇది కుసుమకుమారిదండి. ఉప్పెన నాటికి పెళ్లై నెల. నెల కాలిందేగా, అందుకనే సగం నీళ్లలో పోయింది. మసి కూడా సరిగ్గా పట్టలా. ఒకే పొయ్యి ముక్కలైతే ఇదొక్కటే ఇంత పచ్చిగా ఎట్టా ఉంటదండి? మీ మిషన్‌కి వంట రాదు సరే. మీకు మెతుకు తెలుసుగా?"

దక్షిణామూర్తి మాస్టారు చెయ్యి చాచి ఆ ముక్క అందుకున్నారు. వేలితో అంచు తడిమారు. తిప్పి చూశారు. ఆయన నోరు తెరిచి ఏదో అనబోయారు. ఏమనేవారో మనకి తెలియదు. ఎందుకంటే ఆ లోపల ప్రకాశరావు నాలుగడుగులు వేసి వచ్చాడు.

"ఇది కంప్యూటర్ సెంటరా, కుమ్మరి ఆవమా?"

ఆ గదిలో బూట్లు విప్పనివాడు ఆయనొక్కడే. ఆ బూటుకాలు ఎత్తి పెంకుల మధ్యలో తొక్కాడు. పటపటమంది. ఇంకోసారి తొక్కాడు. పున్నమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ చేతుల పక్కగా తొక్కాడు. వేళ్ల మీద తొక్కలేదని తరవాత చెప్పుకోవచ్చు. లూకా ఇంటి గోడ, ప్రభుదాసు వేలిగుర్తులు, కొండమ్మ ముక్క మీది తెల్లదనం, అన్నీ ఒకటే ఎర్ర నుసి అయ్యాయి.

"ఇప్పుడు లెక్కపెట్టుకోవే" అన్నాడు, కొంచెం రొప్పుతూ. "నాలుగు వందలున్నాయేమో! నాలుగు వందల ఇళ్లు అడుగు! మాస్టారే అన్నారుగా, పెంకులే ఋజువని."

పున్నమ్మ ఏడవలేదు. చెంగు పరిచి ఆ నుసిని రెండు చేతులా దగ్గరికి తీయసాగింది. తివాచీ దారాల్లో దూరినదాన్ని గోళ్లతో తీసింది. "మా అయ్యకేం చెప్పాలి?" అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. "ఎత్తిన పాట ఎవురందుకుంటారు?"

శేషారత్నం మాస్టారి వంక చూసింది. ఒక్క మాట. ఒక్క మాట చాలు ఆయన అంటే. సమితివాళ్లు ఆయన మాట జవదాటరు. ఆయన ఆ ముక్కని పిడికిట్లో మూసుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రోజూ సంధ్యావందనం తప్పని మనిషి. చీమ కనిపిస్తే కాలు పక్కన పెట్టే మనిషి. అలాంటివారు ఇలాంటప్పుడు కిటికీలోంచి ఏం చూస్తారు భగవంతుడా?

ఆమె వెళ్లి మిషన్ ముందు కూర్చుంది.

"అదీ తెలివి" అన్నాడు ప్రకాశరావు, బూటు అడుగు తివాచీకి రుద్దుతూ. "పని చూసుకో. తప్పు నీదని ఒప్పుకున్నావు, మంచిదే. సోమవారం నుంచి రానక్కర్లేదు. ఇవాళ మాత్రం లిస్టు పూర్తి చేసి వెళ్లు."

ఆ మిషన్‌కి రెండే అరలు. ఒకదాంట్లో ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ, ఇంకోదాంట్లో పల్లెల వివరాలున్న ఫ్లాపీ. మిషన్ కడుపులో సొంతంగా ఏమీ దాచుకోదు. నకలు తీసి పెడదాం సార్ అని శేషారత్నం మూడుసార్లు అడిగింది. నువ్వు జాగ్రత్తగా ఉంటే నకలెందుకు అన్నాడు మూడుసార్లూ. ప్రింటరు నగరం మండలం దాటింది. రేపల్లె వైపు ఊళ్లు ఇంకా రావాలి.

ఆమె రెండు అరల గొళ్లాలూ తిప్పింది. రెండు ఫ్లాపీలూ బయటికి లాగింది.

ప్రింటరు ఒక పేరు మధ్యలో ఆగింది. తెర మీద పచ్చటి అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వరస వచ్చి మిణుకుమిణుకుమంది. అరలో ఏమీ లేదు, పెట్టి మీట నొక్కమని దాని అర్థం. తనలో లేనిదేదో ఆ మిషన్‌కి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అలిగినట్టు ఎదురు చూస్తూ కూర్చుంది.

"ఏం చేస్తున్నావ్?" ప్రకాశరావు గొంతు మారింది.

శేషారత్నం బీరువా దగ్గరికెళ్లి ఎర్రగీతలున్న ఫారాల కట్టలు చంకన పెట్టుకుంది. ఫ్లాపీలు రెండూ కొంగులో ముడివేసి నడుముకి దోపుకుంది.

"శేషా," అన్నారు మాస్టారు. "అది దొంగతనం."

"కావచ్చండి. లిస్టు లేదు కదా ఇప్పుడు. అది ఏ రకం లేకపోవడమో చెప్పనా? పోవడం కాదు. ఎన్నడూ లేకపోవడమూ కాదు. ఇంకా పుట్టకపోవడం." గుమ్మం వైపు నడిచింది. "పున్నమ్మా, లే. మీ గుళ్లోకొచ్చి చెప్తాను. మీ నాయన పక్కన ఆ చాప మీద కూర్చునే చెప్తాను."

"మాస్టారూ, తలుపు!" అని అరిచాడు ప్రకాశరావు. "ఆ పిల్లని పోనివ్వకండి! నా మిషన్, నా ఫ్లాపీలు! పోలీసుల్ని పిలుస్తా!" టేబిల్ చుట్టూ తిరిగి ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు.

దక్షిణామూర్తి మాస్టారు లేచారు. డెబ్బై ఏళ్ల మనిషి, అంత చురుగ్గా లేవగలరని ఎవరూ అనుకోరు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఎడమ పిడికిట్లో కుసుమకుమారి పొయ్యి ముక్క ఇంకా ఉంది. మసి ఆయన ఇస్త్రీ పంచె మీద అంటింది. ఆయన చూసుకోలేదు. కుడిచెయ్యి చాచారు.

"ఇలా ఇయ్యి."

ఆ గొంతులో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో ఆమెకు తెలియలేదు. మొహం చూద్దామంటే వెనక నుంచి ఎండ పడుతోంది. పందొమ్మిదేళ్లలో ఆ చెయ్యి చాచి అడిగినది దేన్నీ ఆమె కాదనలేదు. పలక అడిగితే పలక ఇచ్చింది. తప్పు చేసి చెయ్యి చాపమంటే చాపింది.

వెనక పున్నమ్మ చెంగు మూటకట్టుకుని లేచి నిలబడింది. అవతల ప్రకాశరావు ఫోన్ డయల్ గిర్రున తిప్పుతున్నాడు. వీధిలో సమితి కారు హారన్ రెండుసార్లు మోగింది.

మాస్టారు చెయ్యి దించలేదు.

"అడిగింది వినపడలేదా, శేషా? ఇయ్యి."

శేషారత్నం చెయ్యి నడుం దగ్గరి కొంగుముడి మీద పడింది.